పేదవాని పరపతి: రైఫైజెన్ జీవితము

తెలుగున పరపతి యను మాటకు రెండర్థములు కలవు. నలుగురిలో ఒకనికి గల పలుకుబడి మొదటిది. అడిగినచోట అప్పు పుట్టుట రెండవది. ఈ రెండును ఒక్క మాటలో ఇమిడియుండుట ఊరక జరిగినది కాదు. ఇచ్చిన మాట నిలుపుకొనువాడని పేరు గలవానికే అప్పు పుట్టవలెనన్నది ఆ మాటలోని న్యాయము. కాని లోకమున నడచునది వేరు. పొలము, పుట్ర, మేడ, మిద్దె గలవానికి అప్పు సులభముగా దొరకును. అతనికి దానితో అంత యగత్యము లేదు. విత్తుటకు గింజలు లేని సన్నకారు రైతునకు అగత్యము గలదు, అప్పు పుట్టదు. పుట్టినను అది మెడకు చుట్టుకొను వడ్డీతో పుట్టును.

ఆస్తి లేనివానికి నడవడియే ఆస్తి యనియు, ఒక యూరివారందరు ఒకరికొకరు పూటపడినచో ఆ యూరికి అప్పిచ్చుటకు ఎవ్వరును వెనుదీయరనియు ఆచరణమున నిరూపించినవారిలో అగ్రగణ్యుడు ఫ్రీడ్రిఖ్ విల్హెల్మ్ రైఫైజెన్. ఆయన రాజు కాడు, మంత్రి కాడు, ధనికుడు కాడు. జర్మనీ దేశమున కొన్ని పల్లెలకు అధికారిగా పనిచేసి, చూపు మందగించి, నడివయసుననే కొలువు వీడిన సామాన్యుడు. మన పల్లెలలోని సహకార పరపతి సంఘములకును, పాశ్చాత్య దేశములలో క్రెడిట్ యూనియనులని పిలువబడు పొదుపు సంఘములకును మూలమును వెదకుచు పోయినచో అది ఆయన నివసించిన కొండపల్లెలకే చేరును.

బాల్యము, కొలువు

రైఫైజెన్ 1818 మార్చి 30వ తేదీన సీగ్ నది యొడ్డున గల హామ్ అను గ్రామమున జన్మించెను. అది రైను నదికి తూర్పున వెస్టర్‌వాల్డ్ అను మెట్టసీమ. నేల నిస్సారము, చలి యధికము, పంట స్వల్పము. తొమ్మండుగురు సంతానములో అతడు ఏడవవాడు. తండ్రి వ్యవసాయదారుడు, కొంతకాలము ఆ యూరి పాలనాధికారిగాను ఉండెను. తండ్రి వ్యాధిగ్రస్తుడగుటతో సంసారభారము తల్లిపై పడెను. పైచదువులు చదివించు స్తోమత ఆ యింట లేకపోయెను. పదునాలుగేండ్లకు బడి చదువు ముగిసిన పిదప, ఆ గ్రామ మతాచార్యుడు బాలునికి మూడు సంవత్సరములు ఇంటివద్దనే పాఠములు చెప్పెను. కళాశాల ముఖము చూడని రైఫైజెన్‌కు అదియే కళాశాల.

పదునేడవ యేట అతడు కొలోన్ నగరమున ఫిరంగిదళమున చేరెను. తరువాత కోబ్లెంజ్ నగరమునను, సైన్ అనుచోట గల ప్రభుత్వపు ఇనుప కార్ఖానాలోను పనిచేసెను. సైన్యమున పైకి రాదగిన వాడే. కాని కన్నులకు జబ్బు సోకెను. 1843లో సైనికోద్యోగము వదలుకొని పౌరపాలన శాఖలో చిన్న పదవిలో ప్రవేశించెను. ఈ నేత్రరోగము జీవితాంతము ఆయనను వీడలేదు.

1845లో వైయర్‌బుష్ అను గ్రామమునకును, దాని చుట్టునున్న ఇరువదికి పైబడిన పల్లెలకును అధికారిగా ఆయన నియుక్తుడయ్యెను. మన ఫిర్కా వంటిదని ఆ సముదాయమును ఊహించుకొనవచ్చును. ఆ యేడే ఎమిలీ యను యువతిని వివాహమాడెను. అప్పటికి ఆయనకు ఇరువదియేడేండ్లు.

ఆకలి సంవత్సరము

ఆనాటి జర్మను రైతు స్థితి విద్యార్థులు గుర్తింపవలసినది. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో రైతులు జమీందారుల కట్టుబానిసత్వమునుండి విముక్తులైరి. స్వేచ్ఛ వచ్చెను గాని చేతిలో పైకము లేదు. ధాన్యము కంటె నాణెమునకు విలువ హెచ్చిన కాలమది. పన్ను నాణెములలో కట్టవలెను. విత్తనము నాణెములతో కొనవలెను. ఆ నాణెము వడ్డీ వ్యాపారి యొద్ద మాత్రమే దొరకును. కొందరు వ్యాపారులు ఆవును రైతునకు పాలికిచ్చెడివారు. మేపువాడు రైతు, దూడపై హక్కు వ్యాపారిది. పాలు ఎండినను, పశువు చచ్చినను నష్టము రైతుదే.

ఇట్టి తరుణమున 1845, 1846 సంవత్సరములలో బంగాళాదుంప పైరుకు తెగులు సోకెను. 1846లో రై ధాన్యపు పంటయు దెబ్బతినెను. 1846-47 చలికాలమున వెస్టర్‌వాల్డ్ పల్లెలు ఆకలితో అలమటించెను. ప్రభుత్వము పిండి పంపెను. కాని రొక్కమిచ్చిన వారికే అమ్మవలెనని ఆజ్ఞాపించెను. రొక్కమున్నవానికి ఆ పిండితో పని లేదు, పని యున్నవానికి రొక్కము లేదు.

ఆ యాజ్ఞను పాటించి ఊరకుండుట యువకుడైన రైఫైజెన్‌కు సులభమే. ఆయన అట్లు చేయలేదు. ఊరిలో కలిగినవారిని కూడగట్టి రొట్టెల సంఘమును స్థాపించెను. వారు ఇచ్చిన పైకముతో ఒక నిధి ఏర్పడెను. వచ్చిన పిండిని పేదలకు అరువుపై ఇచ్చెను. పై యధికారుల ఆజ్ఞకు ఇది విరుద్ధము. ఆ బాధ్యతను ఆయన తనపైననే వేసికొనెను. ఊరి ఉమ్మడి పొయ్యి యొకటి కట్టించి, అందు కాల్చిన రొట్టెను అంగడి ధరలో సుమారు సగమునకే అందించెను. ఆ చలికాలమున పల్లెలు నిలిచెను. ఆ ప్రాంతమున పాఠశాలను కట్టించుటకును, కొండపల్లెల పంట రైను తీరపు సంతలకు చేరునట్లు బాట వేయించుటకును కృషి సలిపినవాడు కూడ ఆయనయే.

దానమునుండి స్వయంసహాయమునకు

1848లో ఆయన ఫ్లామర్స్‌ఫెల్డ్ గ్రామమునకు బదిలీయయ్యెను. అచట ఆకలికంటె అప్పు ప్రబలముగా ఉండెను. 1849లో కలిగిన గృహస్థులు అరువదిమందిని చేర్చి, పేద రైతులకు తోడ్పడు సంఘము నొకదానిని నెలకొల్పెను. అరువదిమందియు ఉమ్మడిగా పూటపడి పైకము తెచ్చిరి. దానితో పశువులను కొని పేద రైతులకిచ్చిరి. రైతులు ఐదేండ్లలో వాయిదాలపై సొమ్ము చెల్లింపవలెను. తరువాత పశువులకు బదులు పైకమునే అప్పుగా ఇచ్చుట ప్రారంభించిరి. పాడియావు మొదటిసారిగా రైతు కొట్టములో రైతుదే యయ్యెను.

1852లో ఆయన నాయ్‌వీడ్ పట్టణమునకు చేరువనున్న హెడ్డెస్‌డోర్ఫ్ గ్రామమునకు వచ్చెను. 1854లో అక్కడ మరియొక ధర్మసంఘమును స్థాపించెను. దాని యాశయములు విస్తృతములు. దిక్కులేని పిల్లలను పెంచుట, చెరసాలనుండి విడుదలయైనవారికి పని చూపుట, గ్రంథాలయము నెలకొల్పుట, పశువులు కొనిచ్చుట, అప్పు లిచ్చుట, ఇవన్నియు అందు చేరియుండెను.

కాలక్రమమున ఈ సంఘము రైఫైజెన్‌కు ఒక చేదు పాఠము నేర్పెను. దాతల యుత్సాహము మొదట పొంగును, తరువాత చల్లారును. అప్పు తీసికొనువాడు ఒకడు, దానికి పూటపడువాడు వేరొకడు. తీసికొన్నవానికి సంఘము తనది కాదు. పూటపడినవానికి అందువలన లాభము లేదు. ఒక్కొక్కరుగ కలిగినవారు తప్పుకొనసాగిరి. ఒక్కొక్కటిగ ఆశయములు జారిపోయి అప్పుల పద్దు మాత్రము మిగిలెను.

రైఫైజెన్ దృఢమైన క్రైస్తవ విశ్వాసము గలవాడు. ఉన్నవాడు లేనివానికి తోడ్పడుట దైవాజ్ఞయని నమ్మి అంతవరకు తన సంఘములన్నిటిని ఆ పునాదిపైననే కట్టెను. ఆ పునాది చాలదని యొప్పుకొనుట ఆయనకు సులభము కాలేదు. అదే కాలమున పట్టణములలోని చేతిపనివారికై షుల్జె-డెలిచ్ అను న్యాయాధికారి పరపతి సంఘములను స్థాపించి యుండెను. ఆయన మార్గము స్వయంసహాయము: అప్పు కావలసినవారే సభ్యులు, వారే యజమానులు. రైఫైజెన్ ఆయనతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, చాలకాలము తర్కించుకొని, తుదకు ఆ సూత్రమును స్వీకరించెను. 1862లో అన్‌హౌజెన్ గ్రామమున ఈ రీతి సంఘ మొకటి వెలసెను. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ ధర్మసంఘము ఋణనిధి సంఘముగా మారెను. అప్పు కోరువాడు ముందు సభ్యుడు కావలెను. సభ్యుడైనవాడు తోడి సభ్యుల అప్పునకు పూటపడవలెను. చేయిచాచువాడు చేయిగలుపువాడయ్యెను.

సంఘము నడచు తీరు

ఈ సంఘముల నిబంధనలు కొద్దివి. ఒక్కొక్కదాని వెనుక అనుభవము కలదు.

సంఘపు ఎల్ల చిన్నదిగా ఉండవలెను. ఒక గ్రామము, లేదా ఒక చర్చి పరిధిలోని పల్లెలు. అప్పు అడిగిన వాని పొలమెంత, కష్టపడునా, త్రాగుడున్నదా, నిరుడు తెచ్చినది తీర్చెనా యన్నవి ఆ పరిధిలో అందరికి తెలియును. పట్టణపు బ్యాంకి వేయి కాగితములు చూచినను తెలియని సంగతి పొరుగువానికి కన్నెత్తి చూచినంతనే తెలియును.

సభ్యుల పూచీకి మితి లేదు. సంఘము మునిగినచో ప్రతి సభ్యుడును తన సర్వస్వముతో బదులు చెప్పవలెను. వినుటకు ఇది భయంకరము. కాని ఈ భయమే సంఘమునకు కాపలా. అయోగ్యునకు అప్పిచ్చినచో నష్టము తనదే గనుక ప్రతివాడును కన్ను తెరచి యుండును. ఇట్టి పూచీ యుండుటచేతనే బయటివారు తమ పైకమును నిర్భయముగా ఆ సంఘమున దాచిరి.

అప్పు ప్రయోజనకరమగు పనికే ఇయ్యవలెను. విత్తనము, ఎరువు, పశువు, పనిముట్టు మొదలైనవి తమ మూల్యమును తామే తిరిగి సంపాదింపగలవు. ఆడంబరపు విందులకు చేసిన అప్పు అట్లు కాదు. దేనికని చెప్పి తెచ్చిరో దానికే ఆ సొమ్ము వెచ్చింపబడెనా యని సంఘపు పెద్దలు విచారింతురు. గడువు పంటను బట్టి, పనిని బట్టి నిర్ణయింతురు. పశువు కొన్నవానిని మూడు నెలలలో తీర్చుమనుట న్యాయము కాదు.

పెద్దలకు జీతము లేదు. లెక్కలు వ్రాయువానికి మాత్రము కొంత ప్రతిఫలము కలదు. లాభమును సభ్యులకు పంచిపెట్టరు. అది చీల్చరాని ఉమ్మడి నిధిగా పెరిగి, కఱవు వచ్చిననాడు సంఘమును కాచును. చిన్న మొత్తములను సైతము వడ్డీకి దాచుకొనుటకు వీలు కల్పింపబడెను. విత్తనములు, ఎరువులు ఉమ్మడిగా టోకున కొని సభ్యులకు పంచు ఆచారమును క్రమముగా ఏర్పడెను.

ఇందలి మేలును చిన్న లెక్కతో విద్యార్థులకు చూపవచ్చును. ఒక రైతు నూరు రూపాయలు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. ఏటికి వడ్డీ ఇరువదినాలుగు. అసలు కదలనిచో ఐదేండ్లకు బారువడ్డీయే నూటయిరువది యగును; ఇంకను నూరు అట్లే యుండును. ఆ నూటినే సంఘమునుండి ఏటికి నూటికి ఆరు చొప్పున తెచ్చి, ఏటేట ఇరువది రూపాయల యసలు తీర్చుచు పోయిన రైతు ఐదేండ్లలో కట్టు వడ్డీ మొత్తము పదునెనిమిది రూపాయలు మాత్రమే, అసలును తీరిపోవును. వడ్డీ తగ్గుట ఒక మేలు, వాయిదా తప్పక కట్టుట మరియొక మేలు. రెండవది లేక మొదటిది నిలువదు.

చూపు మందగించిన పిదప

ఆ సంవత్సరములలో రైఫైజెన్ స్వగృహమున సుఖము లేదు. ఏడుగురు బిడ్డలలో ముగ్గురు పసితనముననే పోయిరి. 1863లో భార్య ఎమిలీ మరణించెను. ఆయనకును జ్వరము సోకి ఆరోగ్యము చెడెను. కన్నులు ఇంచుమించుగా కనబడని స్థితి వచ్చెను. 1865లో, నలుబదియేడవ యేట, ఆయన ఉద్యోగమునుండి విరమింపవలసివచ్చెను. పింఛను స్వల్పము. సంసారము గడుపుటకు చిన్న చుట్టల కార్ఖానా పెట్టెను. తరువాత ద్రాక్షాసవ వ్యాపారము చేసెను. కొంతకాలమునకు ఒక వితంతువును పునర్వివాహమాడెను.

మఱియొకడైనచో ఇంతటితో విశ్రమించెడివాడు. రైఫైజెన్ జీవితములో ముఖ్యభాగము ఇప్పుడే ఆరంభమయ్యెను. పెద్దకుమార్తె అమాలీ ఆయనకు కన్నులయ్యెను. ఆయన చెప్పుచుండగా ఆమె వ్రాసెను. వచ్చిన జాబులను ఆమె చదివి వినిపించెను. 1866లో ఋణనిధి సంఘములను గూర్చి ఆయన గ్రంథము వెలువడెను. అది సిద్ధాంతగ్రంథము కాదు. ఒక పల్లెలో సంఘమును ఎట్లు స్థాపింపవలెనో, లెక్కలెట్లు వ్రాయవలెనో నేర్పు కరదీపిక. ఆయన జీవితకాలముననే అది పెక్కు ముద్రణలు పొందెను. దానిని చేతబట్టి గ్రామ మతాచార్యులు, ఉపాధ్యాయులు, రైతులు ఊరూర సంఘములు స్థాపింపసాగిరి.

సంఘములు పెరిగినకొలది క్రొత్త చిక్కు వచ్చెను. ఒక యూర పైకము మిగిలియుండును, వేరొక యూర చాలకుండును. ఈ హెచ్చుతగ్గులు సవరించుటకు 1872లో నాయ్‌వీడ్‌లో సంఘములకే ఒక కేంద్రబ్యాంకిని ఆయన స్థాపించెను. ఇచటనే షుల్జె-డెలిచ్‌తో వివాదము ముదిరెను. ప్రజలు ఏ క్షణముననైన తిరిగి అడుగదగిన పైకమును దీర్ఘకాలపు అప్పులుగా ఇచ్చుట ప్రమాదమని షుల్జె-డెలిచ్ వాదము. సభ్యులు వాటాధనము కట్టవలెననియు, లాభము పంచవలెననియు ఆయన మతము. రైఫైజెన్ వాటాలను, లాభపు పంపకమును అంగీకరింపలేదు. పేదవానికి వాటా కొను శక్తియే లేదనెను. అపరిమిత బాధ్యతపై సంఘములనన్నిటిని ముడివేయు కేంద్రబ్యాంకు చట్టసమ్మతము కాదన్న ఆక్షేపణము పార్లమెంటు వరకు పోయెను. ఆయన వెనుకకు తగ్గవలసివచ్చెను. 1876లో ఆ కేంద్రము వాటాల కంపెనీ రూపమున మరల వెలసెను. మరుసటి యేట సంఘములకు మార్గదర్శనము చేయు సమాఖ్య యేర్పడెను. నేడు తలచుకొన్నచో ఇరువురి మాటలోను నిజము కలదని తోచును. ఒకరు పట్టణపు చేతిపనివానిని, వేరొకరు పల్లె రైతును చూచి మాటలాడిరి.

ఆయన వ్యక్తిత్వమున ఒక మచ్చను దాచిపెట్టుట చరిత్రకు న్యాయము కాదు. ఆనాటి యూరపులో ప్రబలియుండిన యూదుల యెడల దురభిప్రాయము ఆయన వ్రాతలలోను కలదని ఇటీవలి చరిత్రకారులు ఎత్తిచూపిరి. కొందరు వ్యాపారుల దురాశను ఒక జాతికంతకు అంటగట్టుట తప్పు. పరస్పర విశ్వాసమును ఇంతగా బోధించినవాడు పొరుగువారిలో కొందరిని ఆ విశ్వాసపు వలయమునకు వెలుపల నుంచుట శోచనీయము. ఆయన స్థాపించిన పద్ధతి మాత్రము ఆ మచ్చను దాటి, అన్ని మతములవారికి, అన్ని దేశములవారికి పనికివచ్చెను.

1888 మార్చి 11వ తేదీన, డెబ్బదియేండ్లు నిండుటకు మూడు వారములలోపుననే, హెడ్డెస్‌డోర్ఫ్‌లో రైఫైజెన్ కన్నుమూసెను. అప్పటికి జర్మనీలో ఆయన రీతి సంఘములు 400కు పైగా ఉండెను.

దేశాంతరములలో

ఆయన పోయిన పిదపనే ఆ పద్ధతి విశేషముగా వ్యాపించెను. ఆస్ట్రియా, స్విట్జర్లాండు దేశములలో ఆయన పేరితోనే బ్యాంకులు వెలసెను. నెదర్లాండ్సులోని రాబోబ్యాంకు పేరిలో మొదటి యక్షరములు రైఫైజెన్ పేరినుండి వచ్చినవే. 1900లో కెనడాలోని లెవీ పట్టణమున అల్ఫాన్స్ దెజార్దాఁ తొలి ప్రజానిధిని స్థాపించెను. అచటినుండి క్రెడిట్ యూనియను ఉద్యమము అమెరికా సంయుక్త రాష్ట్రములకు చేరెను. సహకార సంఘముల భావనను, ఆచరణమును 2016లో యునెస్కో మానవజాతి అమూర్త వారసత్వములలో చేర్చెను.

మనకును ఈ చరిత్రతో సంబంధము కలదు. పందొమ్మిదవ శతాబ్ది తుదిభాగమున చెన్నరాజధాని ప్రభుత్వము, రైతుల ఋణబాధకు మార్గమును కనుగొనుమని ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారిని కోరెను. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. ఆయన యూరపులోని సంఘములను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదికను సమర్పించెను. చట్టములకంటె, ధనముకంటె ముందు రైఫైజెన్ వంటి మనిషిని వెదకి కనుగొనవలెనన్నది ఆ పెద్ద నివేదిక సారాంశము. 1904లో భారతదేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. గ్రామసంఘములకు అపరిమిత బాధ్యత విధింపబడెను. హైదరాబాదు సంస్థానమున 1914 ప్రాంతమున ఈ యుద్యమము ఆరంభమయ్యెను.

అయితే అక్కడ సంఘము ముందు, చట్టము వెనుక. ఇక్కడ చట్టము ముందు, సంఘము వెనుక. అక్కడ రైతులు తమ పైకమును తాము కాచుకొనిరి. ఇక్కడ పెక్కుచోట్ల సంఘము ప్రభుత్వపు కచేరీగా భావింపబడెను. దాని సొమ్ము ఎవరిదియు కాని సొమ్మయ్యెను. ప్రభుత్వ వాటాధనము లేకుండ, సభ్యుల పొదుపుపైననే నిలుచు సంఘములకు దారి చూపుటకై ఆంధ్రప్రదేశ్‌లో 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము చేయబడెను. అది ఒక విధముగా హెడ్డెస్‌డోర్ఫ్ పాఠమును మరల చదువుట.

ఉపాధ్యాయులు ఈ జీవితమును విద్యార్థులకు చెప్పునపుడు మూడు సంగతులు మరువరాదు. కొద్దికొద్దిగ దాచుట, పనికివచ్చు పనికే అప్పుచేయుట, వాయిదా నాటికి తీర్చుట అన్నవి ఒక వ్యక్తికి సంబంధించిన గుణములుగా కనబడును. కాని ఒకడు వాయిదా తప్పినచో ఆ లోటును వేరొక పేదవాని పొదుపే భరింపవలెను. ఒకడు సకాలమున తీర్చినచో ఆ పైకమే మరునాడు పొరుగింటి కొట్టములో ఆవై నిలుచును. తన అప్పు తనదొక్కనిదే కాదన్న ఈ యెఱుక గల గ్రామమున సంఘము బ్రదుకును. లేనిచోట ఎన్ని చట్టములు చేసినను పుస్తకములలో పద్దులు మాత్రమే మిగులును.